కుడివైపు జేబు

"అమ్మమ్మా, నీ పువ్వు బడికొచ్చింది!"

సంచీ గుమ్మంలో పడేసి మనవరాలు అరిచిన మొదటి మాట అది. బడి నుంచి వచ్చాక కాసేపటి దాకా ఆ పిల్ల నోటికి మూత ఉండదు. అందుకే వీధిలో అందరూ దాన్ని వసపిట్ట అంటారు. మిషనమ్మ తల ఎత్తలేదు. మిషను మీద పొడుగు కుట్టు సాగుతోంది, మధ్యలో ఆపితే వంకర పోతుంది. కాళ్ళు తొక్కుతూనే, "ఏ పువ్వే?" అంది.

"నా పాత చొక్కా మీద కుట్టావే, పసుప్పచ్చది! ఆ హాలు పిల్ల వేసుకొచ్చింది. నేను చూడగానే పట్టేశాను. అది నా చొక్కా అని క్లాసందరికీ చెప్పాను."

మిషనమ్మ మూతి కొసల్లో నవ్వు మెదిలింది. పోయినేడు ఇస్త్రీ చేస్తుంటే బొగ్గుల పెట్టెలోంచి నిప్పురవ్వ ఎగిరి, సరిగ్గా ఆ చొక్కా జేబుకి కాస్త కింద మినపగింజంత కన్నం పెట్టింది. ఆ కన్నం మీదే ఆవిడ పువ్వు అల్లింది. అల్లాక చేయి చాచి పట్టుకుని చూసుకుని, "కన్నం పడబట్టే కదా ఈ పువ్వు పూసింది" అని మురిసిపోయింది. తన పనిని మెచ్చుకోవడానికి మిషనమ్మ ఎప్పుడూ ఎవరి సాయమూ కోరలేదు.

"తర్వాతేమో అందరూ వెతుక్కున్నారు," వసపిట్ట గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. "ఒకడేమో ఇది మా అన్నది, కాలర్ కొరికిన గుర్తుంది అన్నాడు. ఇంకోడు వాడి సిరామరక చూపించాడు. హాలు వాళ్ళవన్నీ ఎవరివో ఒకరివి! భలే ఆటలే. ఆ పిల్లేమో బోర్డు మీద లెక్క తప్పు చేసింది. నా చొక్కా వేసుకుని లెక్క తప్పు చేస్తావా అన్నాను. అందరూ ఒకటే నవ్వు!"

మిషను ఆగింది. కుట్టు వంకర పోయింది కూడా.

"ఆ పిల్ల నవ్విందా?"

వసపిట్ట ఒక్క క్షణం ఆలోచించింది. "అదా? అది ఎప్పుడూ నవ్వదు," అని లోపలికి పరుగెత్తింది, తినడానికేముందో చూడటానికి.

హాలు వాళ్ళంటే సరిహద్దుకి అవతలి వైపు కాల్పులు మొదలయ్యాక ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు. మూతబడ్డ సినిమా హాల్లో కుర్చీలు పీకేసి, దుప్పట్లు అడ్డంగా కట్టుకుని ఉంటున్నారు. మాట మన మాటే, కాస్త సాగదీసి పలుకుతారు, అంతే. వాళ్ళ పిల్లల్ని బళ్ళో చేర్చుకోవడానికి పెద్ద టీచర్ తల్లిదండ్రుల కమిటీతో పెద్ద యుద్ధమే చేసింది. చివరికి కమిటీ వాళ్ళు, "సరే, కానీ అందరి పిల్లల్లాగే యూనిఫాంలో రావాలి, బడి మానకూడదు" అన్నారు. దాంతో వీధులన్నీ తిరిగి పాత యూనిఫాంలు పోగుచేశారు. వాటిని కొలతకు సరిచేసి ఇచ్చింది మిషనమ్మే. ఒక్క పైసా ముట్టలేదు. ముట్టలేదన్న సంగతి కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పింది, అది వేరే విషయం.

మర్నాడు వసపిట్ట ఇంకో వార్త మోసుకొచ్చింది. హాలు పిల్ల పువ్వు చొక్కా వేసుకోకుండా మామూలు గౌనులో వచ్చిందట. యూనిఫాం లేదని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేశారట.

"ఎందుకు వేసుకోలేదట?"

"ఏమో. బాగాలేదేమో దానికి."

మిషనమ్మకు చుర్రుమంది. రెండు పూటలు కూర్చుని భుజాలు దింపి, చేతులు బిగించి ఇచ్చిన చొక్కా. "చెప్పారు పెద్దలు, అడుక్కునేవాడికి అరవై ఆరు కూరలని," అంది దారం తెంపుతూ. అన్నాక ఆ మాట రుచి తనకే నచ్చలేదు. కానీ అన్నమాట అన్నదే.

*

శనివారం మధ్యాహ్నం షాపు గుమ్మంలో ఒక మనిషి నీడ పడింది. హాలు పిల్ల పిన్ని. తల్లీ తండ్రీ ఎక్కడున్నారో ఇంకా కబురు లేదు, పిల్ల ఈవిడ చేతిలోనే ఉంది. చొక్కాలు సరిచేసేటప్పుడు కొలతలివ్వడానికి ఒకసారి వచ్చింది కాబట్టి మిషనమ్మ గుర్తుపట్టింది. చేతిలో చొక్కా. ఉతికి, ఏ చెంబు అడుగుతోనో ఇస్త్రీ చేసి, చేతులు వెనక్కి మడిచి, కొత్తది మడిచినట్టు మడిచింది.

"తీసుకోండమ్మా," అంది. "ఇంకెవరికైనా పనికొస్తుంది. ఎక్కడా చిరగలేదు. విప్పి చూసుకోండి."

ఆ విప్పి చూసుకోమనడం మిషనమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఏమనాలో వెతుక్కునేలోపే కత్తిరింపు బల్ల కింద గుడ్డముక్కలు ఏరుకుంటున్న వసపిట్ట తల బయటపెట్టింది.

"మా అమ్మమ్మ ఏమందో తెలుసా? అడుక్కునేవాడికి అరవై ఆరు కూరలు అంది!"

మిషనమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది. మనవరాలి నెత్తిన ఒక్కటి వేద్దామని చెయ్యెత్తి, వేస్తే ఆ మాట తను అన్నట్టు ఒప్పుకున్నట్టే అవుతుందని దించేసింది. దించినా ఒప్పుకున్నట్టే అయింది.

పిన్ని మొహంలో ఏ మార్పూ లేదు. ఇలాంటివి ఈ మధ్య చాలానే విన్న మొహం అది. "కూరల సంగతి కాదమ్మా," అంది నెమ్మదిగా. "నేనూ నచ్చజెప్పాను. కొట్టాను కూడా, మీ దగ్గర దాపరికమెందుకు. సోమవారం నాటికి రాకపోతే పేరు తీసేస్తారట. పెద్ద టీచరమ్మ మనిషి మంచిదే, కమిటీ వాళ్ళు వింటారా? చదువంటే వాళ్ళకి లెక్కలేదు అని మా పిల్లలందరికీ అంటగడతారు. ఇది దానికి తెలుసు. తెలిసీ వేసుకోనంటోంది."

అప్పుడు చూసింది మిషనమ్మ, వీధిలో కరెంటు స్తంభం పక్కన నిలబడ్డ పిల్లని. సన్నగా ఉంది. షాపు వైపు చూడటం లేదు. షాపు గోడకు ఆనించి వసపిట్ట వదిలేసిన లెక్కల పుస్తకం తెరిచి ఉంటే దానివైపు చూస్తోంది. ఒక చేతి వేలు రెండో అరచేతిలో ఏదో రాస్తోంది, చెరుపుతోంది, మళ్ళీ రాస్తోంది.

"ఇలా రావే అమ్మాయ్," మిషనమ్మ పిలిచింది.

పిల్ల వచ్చింది కానీ గడప దాటలేదు.

"చొక్కా బాగాలేదా?"

"బాగుంది మామ్మా."

"మరి?"

పిల్ల బల్ల కిందికి చూసింది. అక్కడ వసపిట్ట తొలిసారిగా నోరు మూసుకుని ఉంది.

"అది నాది కాదు," అంది పిల్ల. "పడుకునే చాప ఎవరో ఇచ్చారు. గిన్నె ఎవరో ఇచ్చారు. అవి మాట్లాడవు. చొక్కా మాట్లాడుతుంది. నేను లెక్క చేస్తుంటే అందరూ పువ్వు వైపే చూస్తారు. లెక్క తప్పయితే చొక్కాకి అవమానమట."

పిన్ని పిల్ల భుజం నొక్కింది, చాల్లే అన్నట్టు. మిషనమ్మ ఆ చొక్కా విప్పి ఒళ్ళో పరుచుకుంది. చిరుగు కోసం కాదు. పువ్వు నవ్వుతోంది. తన చేతి పువ్వు, వీధి ఆ చివర నుంచి కూడా ఇది మిషనమ్మ పనే అని పోల్చుకోగల పువ్వు. సరిచేసేటప్పుడు ఇది విప్పేయాలన్న ఆలోచనే రాలేదు ఆవిడకి. రాకపోవడమేమిటి, వచ్చింది. నలుగురూ చూస్తారులే అని ఉంచింది. మనవరాలు క్లాసులో నోటితో చేసిన పని, తను సూదితో ముందే చేసి పంపింది. ఆ సంగతి అప్పుడు తెలిసి ఆవిడ చెవులు వేడెక్కాయి.

"దీన్నిక్కడే ఉంచి వెళ్ళండి," అంది పిన్నితో. "రేపు పొద్దున రా అమ్మాయ్. పిల్లని కూడా తీసుకురా."

*

వాళ్ళు వెళ్ళగానే మిషనమ్మ బ్లేడు తీసుకుని పువ్వు విప్పడం మొదలుపెట్టింది. కుట్టడానికి గంట పట్టిన పువ్వు కాసేపట్లో పసుప్పచ్చ పీచై రాలిపోయింది. అడుగున కన్నం మళ్ళీ కనపడింది. చుట్టూ సూదిపోట్లు. దాన్ని కప్పాలంటే మాసిక వేయాలి. మాసిక వేస్తే కొత్త గుర్తు. పువ్వు పోయి మాసిక వచ్చె.

"నా పువ్వు తీసేశావా!" వసపిట్ట పరుగెత్తుకొచ్చింది.

"ఇచ్చేశాక నీదెలా అవుతుందే?"

"ఇచ్చింది నేనే కదా! ఆ సంగతి అందరికీ తెలియొద్దా?"

మిషనమ్మ తనూ వీధంతా అదే చెప్పుకుంటూ తిరిగింది మరి. మనవరాలిని దగ్గరికి లాక్కుని దాని చేతిలో ఒక పాత దువ్వెన పెట్టి, "ఆ పీచంతా దులుపు" అంది.

చొక్కాని ఎటు తిప్పినా ఏదో ఒక గుర్తు. ఎండకి, ఉతుకులకి నీలం కాస్తా బూడిదరంగుకి వచ్చింది. జేబు విప్పి చూస్తే దాని కింద మాత్రం జేబంత మేర ముదురు నీలం అలాగే ఉంది, కొత్త గుడ్డలా. మిషనమ్మ చొక్కా లోపలి వైపు తిరగేసింది. లోపలంతా అదే నీలం. ఎండ చూడని వైపు.

కాలర్ అరిగితే విప్పి తిరగేసి కుట్టడం ఆవిడకి నిద్రలో కూడా వచ్చు. కాలర్ తిరగేస్తే కాలరే కొత్తదవుతుంది. చొక్కా మొత్తం తిరగేస్తే? కుట్టన్నదల్లా విప్పి, ప్రతి ముక్కనీ లోపలి వైపు బయటికి పెట్టి మళ్ళీ కుడితే? ఒక్క చొక్కా కోసం అంత విప్పుడు ఎవరు విప్పుతారు? దానికన్నా కొత్తది కుట్టడం తేలిక అంటారు ఎవరైనా. ఆవిడా అదే అనేది, ఎవరైనా అడిగితే. కానీ కొత్త గుడ్డ ఇస్తే ఆ పిల్ల ఒక్కదానికే ఇవ్వాలి. మిగతా హాలు పిల్లలు, కాలర్ కొరికిన గుర్తుల్లో సిరామరకల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళేమైపోతారు?

ఆదివారం పొద్దున్నే పిన్ని వచ్చింది. ఆవిడ చేతిలో బ్లేడు పెట్టి మిషనమ్మ చెప్పింది: "గుడ్డ తెగకూడదు. దారమే తెగాలి."

పిన్ని తల ఊపి కింద కూర్చుంది. మొదట నాలుగు కుట్లకి ఒక కుట్టు తెంపి, వెనక నుంచి దారం లాగేసింది. మిగతా కుట్లు వాటంతటవే వదులయ్యాయి. మిషనమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుని చూసింది. చేయి బాగుంది. పిల్ల గడప మీద కూర్చుని, తెగిన దారాలు, నిన్న రాలిన పసుప్పచ్చ పోగులతో సహా, ఏరి ఉండ చుడుతోంది. వసపిట్ట దానికి కాస్త దూరంలో కూర్చుని తనూ ఏరుతోంది. ఎవరి ఉండ పెద్దదో ఇద్దరూ ఓరగా చూసుకుంటున్నారు.

చేతులు వేరు, వీపు వేరు, కాలర్ వేరు అయ్యాక చొక్కా అన్నది లేకుండా పోయింది. బల్ల మీద కొన్ని గుడ్డముక్కలు మిగిలాయి. అప్పుడు పిల్ల లేచి వచ్చి వాటిని చూసింది.

"ఇప్పుడిది ఎవరిది మామ్మా?"

"ఇప్పుడు ఎవరిదీ కాదు. గుడ్డ, అంతే," అంది మిషనమ్మ. "కుట్టాక నీది. ఇటు నిలబడు, కొలత తీస్తాను."

మునుపు పిన్ని చెప్పిన కొలతతో మనవరాలి చొక్కానే బిగించి ఇచ్చింది. ఈసారి టేపు పట్టుకుని పిల్ల భుజం నుంచి భుజానికి, చంక నుంచి నడుముకి పెట్టి చూసింది. టేపు మీది అంకెలు పిల్ల తనే చదివి చెప్పింది, తప్పు లేకుండా.

తిరగేస్తే ఎడమ ముక్క కుడికి వచ్చింది. దాంతో జేబు చోటూ కుడికే వచ్చింది, కన్నంతో సహా. పాత జేబు సూదిపోట్లు అక్కడ చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. ఎడమవైపు జేబు పెడితే ఇవి బయటపడతాయి. మిషనమ్మ సుద్దతో రెండు గీతలు గీసి, కొత్త గుడ్డ ముక్కలోంచి కాస్త పెద్ద జేబు కత్తిరించి, కుడివైపే పెట్టి కుట్టింది. కన్నమూ పోట్లూ అన్నీ దాని కింద పడిపోయాయి. బొత్తాలు కూడా వైపు మారాయి.

పిల్ల తొడుక్కుంది. బొత్తాలు అలవాటు తప్పి రెండుసార్లు తడబడింది. తర్వాత జేబులో చెయ్యి పెట్టింది, మణికట్టు దాకా పోయింది. దారం ఉండ తీసి అందులో వేసుకుంది.

నవ్వలేదు. కానీ గడప దాటి వెళ్ళేటప్పుడు స్తంభం పక్కన ఆగలేదు, వీధి మధ్యలో నడిచింది. మిషనమ్మ టేపు మెడలో వేసుకుని, "మిగతావాళ్ళవి కూడా పట్రా" అని పిన్నిని కసిరింది. "విప్పే పనికి నాకు మనిషి కావాలి. రేపట్నించి వచ్చి కూర్చో."

*

సోమవారం గేటు దగ్గర పెద్ద టీచర్ నిలబడి ఉంది. పిల్లలు లోపలికి పోతున్నారు. మనవరాలిని దింపడానికి ఏనాడూ రాని మిషనమ్మ ఆవేళ వచ్చింది. హాలు పిల్ల, పిన్ని ముందు నడుస్తున్నారు.

పిల్లని చూడగానే పెద్ద టీచర్ మొహం విప్పారింది. అంతలో కనుబొమలు ముడిపడ్డాయి.

"జేబు అటుందేమిటి?"

"తిరగేసి కుట్టానండీ," అంది మిషనమ్మ. "గుడ్డ తిరిగితే జేబూ తిరుగుతుంది."

"ఎడమవైపు పెట్టలేకపోయావా? బ్యాడ్జీ పెట్టాల్సింది అక్కడ కదా."

"పెడితే ఈ పక్క పోట్లు కనిపిస్తాయి. మళ్ళీ పాతచొక్కా అని తెలిసిపోతుంది."

"నాకు చెబితే సరా? కమిటీ వాళ్ళకెవరు చెబుతారు?" పెద్ద టీచర్ గొంతు తగ్గించింది. ఆవిడ కళ్ళ కింద నిద్ర లేని చారలున్నాయి. "నీకు తెలీదు, ఒక్క వంక దొరికితే చాలు వాళ్ళకి. యూనిఫాం అంటే ఒకేలా ఉండాలని సంతకం పెట్టించుకున్నారు నా చేత. ఈ ఒక్క పిల్ల కోసం మిగతా పిల్లల్ని కూడా..."

మిషనమ్మ దారి పొడవునా కూర్చుకున్న జవాబులన్నీ అక్కడే నీరుగారిపోయాయి. టీచర్ చెప్పింది న్యాయమే. తనది రెండోసారి కూడా తప్పేనేమో, చేతి పనితనం చూసుకుని మురిసి పిల్లని మళ్ళీ గేటు దగ్గరే నిలబెట్టిందేమో అని భయం వేసింది. హాలు పిల్ల జేబు మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తోంది. వెనక్కి తిరగడానికి ఒక పాదం అప్పటికే కాస్త పక్కకి జరిగింది.

"టీచర్, టీచర్!" వసపిట్ట మధ్యలో దూరింది. "నాకూ కుడివైపే కావాలి. మా అమ్మమ్మ చెయ్యనంటోంది. దాని జేబులో మొత్తం చెయ్యి పడుతుంది, నాదాంట్లో వేళ్ళే పడతాయి. దానిది కొత్తగా ఉంది, నాది వెలిసిపోయింది. ఇది అన్యాయం కదా టీచర్?"

"నాక్కూడా," అన్నాడు వెనక ఒకడు. కాలర్ కొరికిన అన్నకి తమ్ముడు. "ఏదీ, చెయ్యి పెట్టి చూడనీ." పిల్లలు మూగారు. హాలు పిల్ల మొదట బిగుసుకుంది. తర్వాత నెమ్మదిగా జేబులోంచి దారం ఉండ తీసి చూపించి, మళ్ళీ వేసుకుంది. "ఇంకా చాలా పడతాయి," అంది. అది వాళ్ళందరి మధ్యా ఆ పిల్ల తనంతట తాను అన్న మొదటి మాట.

గంట కొట్టారు. పెద్ద టీచర్ పిల్లల గుంపునీ, మిషనమ్మనీ, వీధినీ చూసి నుదురు రుద్దుకుంది.

"పొద్దున్నే నా బుర్ర తినకండి. జేబంటూ ఒకటి ఉంది కదా. లోపలికి నడవండి అందరూ," అంది. హాలు పిల్ల పక్కగా పోతుంటే ఒంగి, బ్యాడ్జీని తనే కుడి జేబు మీద పెట్టింది.

*

ఆ వారమంతా మిషనమ్మ షాపులో కాలు పెట్టే చోటు లేదు. గడప మీద హాలు ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు కూర్చుని విప్పుతున్నారు. పిన్ని వాళ్ళకి మేస్త్రీ అయింది, "గుడ్డ కాదు, దారం, దారం" అని వాళ్ళని అదిలిస్తోంది. హాలు పిల్లల చొక్కాలన్నీ తిరిగాయి. తర్వాత ఊరి తల్లులు మొహమాటంగా సంచులతో రావడం మొదలైంది. "మావాడు వేసుకోనని మొండికేస్తున్నాడు, వెలిసిపోయిందట. వాళ్ళవాటిలాగే చేస్తావా?" యూనిఫాం లేనిదే రానివ్వొద్దన్న కమిటీ ఆవిడ కూడా వచ్చింది, కొడుకుని వెంటబెట్టుకుని. ఆవిడని గడప మీద పిన్ని పక్కన కూర్చోబెట్టి, "వరస ప్రకారమేనమ్మా" అంది మిషనమ్మ. ఆ మాట అనడంలో ఆవిడకి కలిగిన సంతోషం గురించి ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద.

వసపిట్ట చొక్కా వంతు చివరికి వచ్చింది. సాధిస్తే తప్ప కుట్టలేదు మిషనమ్మ. విప్పింది హాలు పిల్లే, పిన్ని దగ్గర నేర్చుకుని. పసుప్పచ్చ దారాల ఉండ ఏదో వసపిట్టకి తిరిగి ఇచ్చేసిందట కూడా. ఆ లావాదేవీ గడప మీద జరిగింది కాబట్టి పెద్దవాళ్ళెవరికీ సరిగ్గా తెలియదు.

మర్నాడు సాయంత్రం వసపిట్ట సంచీ గుమ్మంలో పడేసి, ముక్కు ఎగబీలుస్తూ నిలబడింది. కొత్త జేబు నిండా ఏవో కుక్కుకుంది, బరువుకి చొక్కా ఒక పక్కకి లాగేస్తోంది.

"చూడు అమ్మమ్మా! బోర్డు మీద లెక్క తప్పు పోయింది. ఒక్కటంటే ఒక్కటే!"

"అయితే ఏమైందే?"

"అది ఏమందో తెలుసా? నా జేబు పెట్టుకుని లెక్క తప్పు చేస్తావా అంది! అందరూ ఒకటే నవ్వు!"

మిషనమ్మ కాళ్ళు తొక్కడం ఆపింది. గడప మీద పిన్ని చేతిలో బ్లేడు కూడా ఆగింది.

"ఆ పిల్ల నవ్విందా?"

"అదా!" వసపిట్ట పళ్ళు కొరికింది. "అందరికన్నా ముందు నవ్వింది అదే."